నాలుగంగుళాల సోకు

ఆ వానాకాలంలో మూడు వారాలు నేను భయంతోనే నిద్ర లేచాను. పుట్టుకతోనే పిరికిదాన్ని, అది వేరే సంగతి. బల్లి కనిపిస్తే మంచమెక్కుతాను, ఫోన్ మోగితే ముందు చెడ్డ కబురే అనుకుంటాను. ఆ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ మూడు వారాల భయం ఒక ఎత్తు. దానికి కారణం నేను చేసిన ఒక బొమ్మ.

నా పని పాత ఆవిరి ఇంజిన్లని కంప్యూటర్లో మళ్ళీ పుట్టించడం. చూసినవాళ్ళు ఫోటో అనుకోవాలి, అదీ షరతు. ఒక్కో రివెట్టూ విడిగా చేస్తాను. చక్రం మీద నూనె కారి దుమ్ము పట్టిన చార, పొగగొట్టం మూతి చుట్టూ మసి, డ్రైవరు చెయ్యి ఏళ్ళ తరబడి పడి నునుపెక్కిన హ్యాండిలు. కొత్త ఇనుము ఎవరైనా చేస్తారు. మనిషి వాడిన ఇనుము చేయడానికే నెలలు పడుతుంది. నా పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి అమ్మ "దానికి ఇంజిన్లతోనే తీరిక లేదు" అని చెప్పి పంపేసేది.

నాన్న ముప్ఫై ఏళ్ళు అసలు ఇంజిన్లు నడిపినవాడు. మొదట్లో నా పని చూసి "చేతికి మసి అంటకుండా ఇంజిన్ నడపడం బాగుందమ్మాయ్" అని ఎగతాళి చేసేవాడు. పోనుపోను నా వెనక కుర్చీ వేసుకుని కూర్చోవడం అలవాటైంది. ఈ గొట్టానికి ఇక్కడ వంపు ఉండాలి, ఈ తలుపు గడియ ఎప్పుడూ సగమే పడేది అని చెబుతూ ఉండేవాడు. నేను దిద్దేదాన్ని. మా ఇద్దరికీ మాటలు కలిసింది నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాకే, అదీ ఆ కుర్చీ పుణ్యమే.

మా ఊరి రైల్వే మ్యూజియం వాళ్ళు ఆ ఏడాది ఒక పాత ఇంజిన్‌ని మళ్ళీ నడిపించాలని తలపెట్టారు. నలభై ఏళ్ళుగా షెడ్డులో నిలబడిపోయిన ఇంజిన్ అది. నాన్న నడిపిందే. మ్యూజియం గోడకి పెట్టడానికి డ్రైవరు నిలబడే చోటు, అంటే బాయిలరు వెనక పలక, దాని మీది గొట్టాలు, ఆవిరి ఒత్తిడి చూపే గడియారాలు, హ్యాండిళ్ళు అన్నీ నిలువెత్తున, అసలు సైజులో బొమ్మ కావాలని నన్నడిగారు. నేను వెళ్ళి టేపు పెట్టి ప్రతిదీ కొలిచి తెచ్చుకున్నాను.

నా దగ్గర ఎప్పుడూ రెండు ఫైళ్ళుంటాయి. ఒకటి లెక్కల ఫైలు, అందులో వెంట్రుకవాసి తేడా ఉండదు. రెండోది సోకుల ఫైలు. అందులో వెలుగు బాగా పడడం కోసం ఒక గొట్టాన్ని కాస్త జరుపుతాను, ఒక నీడని తప్పిస్తాను. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. అలా అనుకునేదాన్ని.

ఆ పలక మీద గేజ్ గ్లాసు అని ఒకటుంటుంది. నిలువుగా నిలబెట్టిన గాజు గొట్టం. బాయిలర్లో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో అందులో కనిపిస్తుంది. నా బొమ్మలో పెద్ద హ్యాండిలు నీడ సరిగ్గా ఆ గాజు మీద పడుతోంది. నీళ్ళు చచ్చిపోయినట్టున్నాయి. రెండు రోజులు గింజుకుని, సోకుల ఫైల్లో గాజుని నాలుగు అంగుళాలు కిందికి దించాను. బొగ్గు మండే నిప్పుగూడు తలుపు సందులోంచి వచ్చే ఎర్రటి వెలుగు నీళ్ళలో పడి గాజంతా వెలిగింది. కళ్ళు చెమర్చాయి, నిజం చెబుతున్నాను.

నాన్నని పిలిచి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి స్క్రీనుకి దగ్గరగా వచ్చి చాలాసేపు చూశాడు.

"ఇదే," అన్నాడు. "అచ్చం ఇదేనమ్మా."

మ్యూజియం వాళ్ళు పాత డ్రైవరు చూసినట్టు సంతకం కావాలన్నారు. బొమ్మ మూలన నాన్న 'చూశాను, సరిగ్గా ఉంది' అని రాసి సంతకం పెట్టాడు. బొమ్మ అప్పగించిన రోజు షెడ్డు మేస్త్రీ దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆయన కుర్రతనంలో నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పటికీ నాన్నని గురువుగారూ అనే పిలుస్తాడు. ఆయన మెచ్చుకోలు చూసి నాకు ఒళ్ళు తెలియలేదు. దీని మీద టేపు పెట్టి కొలుచుకోవచ్చు మేస్త్రీగారూ అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తలుచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

వానలు మొదలైన నెలకి, నాన్న నన్ను షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఇంజిన్ నడిపేది ఆయనే అని అప్పటికి ఖాయమైంది. ఆ రకం ఇంజిన్ నడిపినవాళ్ళలో బతికున్నది ఆయనొక్కడే. కళ్ళు చూశారు, చెవులు చూశారు, బీపీ చూశారు. జ్ఞాపకం చూసే పరీక్ష మాత్రం ఎవరూ పెట్టలేదు. పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకూ అమ్మకీ తెలుసు. నాన్న ఏడాదిగా మరిచిపోతున్నాడు. మందులు వేసుకుని మళ్ళీ వేసుకునేవాడు. ఒకసారి పక్క వీధిలో వేరేవాళ్ళ గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, మా ఇల్లే అనుకుని చెప్పులు విప్పాడు. అమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇంజిన్ మాట వచ్చాక మనిషి నిటారుగా నడుస్తున్నాడు, నోరు మూసుకో అంది.

షెడ్డు రేకుల మీద వాన దంచుతోంది. లోపల ఇంజిన్ నల్లగా నిగనిగలాడుతోంది. మేస్త్రీ నన్ను పైకెక్కించి, "చూడమ్మా, నీ బొమ్మ దిగొచ్చినట్టు లేదూ?" అన్నాడు.

అలాగే ఉంది. మొదట సంతోషమే వేసింది. ప్రతిదీ నా బొమ్మలో ఉన్నట్టే. గేజ్ గ్లాసు మీద హ్యాండిలు నీడ కూడా పడటం లేదు.

పడాలి.

నేను కొలుచుకుని వెళ్ళాక, పాత పలక తుప్పు పట్టి చిల్లులు పడి ఉందని కోసి పారేశారట. కొత్త పలక చేయించారట. పాత ప్లాన్లు చెదలు తినేశాయట. అందుకని మేస్త్రీ నా బొమ్మని గోడకి ఆనించి, టేపు పెట్టి, చిల్లులు వేయించాడట. ఇవన్నీ ఆయన ఎంతో ముచ్చటగా చెబుతున్నాడు. నాన్న కింద నిలబడి చక్రాన్ని చేత్తో నిమురుతున్నాడు. నేను కడ్డీ పట్టుకుని మెల్లిగా దిగాను. తల తిరుగుతోందని చెప్పి ఇంటికొచ్చేశాను.

ఇంటికొచ్చి రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచాను. నాలుగంగుళాలు. నిప్పుగూడు ఇనప కప్పు మీద ఎప్పుడూ నీళ్ళు ఉండాలి. నీళ్ళుంటేనే ఆ కప్పు నిప్పు వేడికి తట్టుకుంటుంది. అసలు కొలత ప్రకారం గాజు అడుగంచు ఆ కప్పుకి మూడంగుళాలు పైన ఉండాలి. గాజులో చుక్క నీళ్ళు కనిపించినా కప్పు మునిగి ఉందని అర్థం, అందుకే అలా పెడతారు. ఇప్పుడు గాజు అడుగంచు కప్పుకి అంగుళం కింద ఉంది. అంటే గాజులో నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, లోపల కప్పు ఎర్రగా కాలి మెత్తబడుతూ ఉంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాన్న నా చిన్నప్పుడే చెప్పాడు. బాయిలరు పేలిన ఇంజిన్లో డ్రైవరుకి చేసే అంత్యక్రియలు పేరుకేనట.

ఆ సాయంత్రం ఏమీ ఎరగనట్టు నాన్నని అడిగాను, నీళ్ళు ఎంత తగ్గితే ప్రమాదం అని. ఆయన నవ్వి, నా తల మీద చెయ్యి వేశాడు.

"గాజులో నీళ్ళు కనిపిస్తున్నంతసేపూ ఢోకా లేదమ్మా. మనసు ఎన్నైనా చెబుతుంది, దాని మాట వినకూడదు. గాజు మాటే వినాలి."

అన్నం సహించలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మర్నాడే చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెప్పలేదు. సిగ్గు ఒక కారణం. నా బొమ్మల మీద ఇక ఎవరూ నమ్మకం పెట్టరు, అదొక కారణం. అసలు కారణం మాత్రం బొమ్మ మూలన ఉన్న సంతకం. నేను నోరు తెరిస్తే ముందు అడిగేది, మరి మీ నాన్నగారు చూసి సరిగ్గా ఉందన్నారే, అని. ఆ ఒక్క ప్రశ్న చాలు, నాన్న మరుపు గురించి దాచిందంతా బయటపడుతుంది. ఆయన్ని ఇంజిన్ మీంచి దించేస్తారు.

అమ్మతో చెప్పాను. అమ్మ పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది. తను ఇంజిన్ డ్రైవరు పెళ్ళాం, నేను అరగంట చెప్పాల్సింది ఆవిడకి ఒక్క ముక్కలో అర్థమైంది. మేస్త్రీతో చాటుగా చెప్పి గాజుని పైకి మార్పించలేవా అని అడిగింది. మీ నాన్న పేరు రాకుండా చూడు అంది. అంతకు మించి ఆవిడకి మాత్రం ఏం తోస్తుంది.

రెండు రోజులాగి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. గేజ్ గ్లాసు కాస్త కిందికున్నట్టు లేదూ అని గొణిగాను. ఆయన పగలబడి నవ్వి, నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్ళి, నా బొమ్మ మీదే టేపు పెట్టి చూపించాడు. ఇంజిన్ మీద కూడా పెట్టి చూపించాడు. రెండూ సరిపోయాయి. "బాయిలర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు కూడా ఇట్లాగే కొలిచి సంతకం పెట్టాడమ్మా. నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే ఎట్లా?" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది, బొమ్మే తప్పు అని. అవునవును అని నవ్వి బయటికొచ్చాను. గొడుగు అక్కడే మరిచిపోయి తడుస్తూ ఇంటికి నడిచాను.

నేను గాజు చూసిన రోజు నుంచి ఇంజిన్ పరీక్షకి మూడు వారాలు గడువుంది. ఆ మూడు వారాలూ రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ గడిపాను. నాన్న మాత్రం రోజురోజుకీ పడుచువాడవుతున్నాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకునేవాడు. బూట్లకి పాలిష్ పెట్టుకునేవాడు. పాత టోపీ దులిపి అద్దం ముందు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకునేవాడు. ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా మందులు రెండుసార్లు వేసుకోలేదు. అది చూసి అమ్మ నా వైపు చూసేది. నేను తల దించుకునేదాన్ని.

పరీక్ష రోజు వచ్చింది. ముందు రోజు నుంచే నిప్పు పెట్టి బాయిలరు మెల్లిగా కాచారు. నాన్నా నేనూ పొద్దున తొమ్మిది గంటల బస్సెక్కాం. అద్దం మీద వాన చారలు కారుతున్నాయి. సగం దారిలో నాన్న నా వైపు వంగి, ఎవరూ వినకుండా అడిగాడు.

"అమ్మాయ్, ఇవాళ మనది ఏ బండి?"

"మ్యూజియం ఇంజిన్ నాన్నా. ఇవాళ పరీక్ష మాత్రమే, యార్డులోనే," అన్నాను. "ఆ, అదే," అని ఆయన మళ్ళీ కిటికీలోంచి బయటికి చూశాడు. గాజు మాట తప్పితే ఈ మనిషికి వేరే దిక్కు లేదు, ఆ గాజుని అబద్ధం చేసింది నేను. ఇవాళ చెప్పాలి అనుకున్నాను. అనుకున్నా కూడా షెడ్డుకి వెళ్ళాక పది నిమిషాలు స్తంభం చాటున నిలబడ్డాను. అంత పిరికిదాన్ని.

మ్యూజియం వాళ్ళు పది మంది దాకా టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఇంజిన్ పక్కన నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. పైన నాన్న, పక్కన బొగ్గు వేస్తూ మేస్త్రీ. సేఫ్టీ వాల్వులు పనిచేస్తున్నాయో లేదో చూడాలని ఆవిరిని ఒకసారి ఊదించారు. షెడ్డు అదిరింది, అందరూ చెవులు మూసుకుని నవ్వారు. ఇన్‌స్పెక్టరు ఇంకోసారి అన్నాడు. మళ్ళీ ఊదించారు. ఊదిన ప్రతిసారీ లోపల నీళ్ళు తగ్గుతాయి. నేను ముందుకి నడిచి, మెడ చాచి గాజు వైపు చూశాను. అడుగున ఒక వేలి మందాన నీళ్ళున్నాయి. సరిగ్గా నా బొమ్మలోలాగా ఎర్రగా మెరుస్తున్నాయి.

లెక్క నాకు నోటికి వచ్చు. కప్పు అప్పటికే బయటపడింది.

ఎలా ఎక్కానో గుర్తు లేదు. నాన్న చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, ఈ గాజు కిందికుంది. బొమ్మలో నేనే దించాను, అందం కోసం. తప్పు నాది."

"ఎంత?" అన్నాడు.

"నాలుగంగుళాలు."

ఎందుకని అడగలేదు. కోప్పడలేదు. గాజు వైపు ఒక్కసారి చూశాడు. మేస్త్రీ కంగారులో బాయిలర్లోకి నీళ్ళు వదిలే వాల్వు మీద చెయ్యి వేశాడు. నాన్న ఆ మణికట్టు పట్టేసుకున్నాడు.

"నీళ్ళు వద్దు. కాలిన కప్పు మీద చన్నీళ్ళు పడితే ఇక్కడే పోతాం. అమ్మాయిని తీసుకుని దిగు. అందర్నీ గోడ అవతలికి పంపు."

"మీరు, గురువుగారూ?"

"నిప్పు తీసేసి వస్తాను."

మేస్త్రీ నన్ను దాదాపు ఎత్తుకుని దించాడు. టీ కప్పులు అక్కడే వదిలేసి అందరూ పరిగెత్తారు. ఇటుక గోడ వెనక బురదలో కూర్చుని చెవులు రిక్కించాను. ముందు పారతో తడి బూడిద నిప్పు మీద చల్లుతున్న చప్పుడు. తర్వాత పొడుగాటి కొక్కెంతో నిప్పుల్ని కింది గుంటలోకి లాగుతున్న చప్పుడు. లాగటం, ఆగటం, లాగటం. ఆగిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది. మా ఇంటి గేటే మరిచిపోయిన మనిషి ఆయన. ఆ కొక్కెం ఎందుకు పట్టుకున్నాడో మధ్యలో మరిచిపోతే? నేను ఏడుస్తున్నానని మేస్త్రీ భుజం తట్టేదాకా తెలియలేదు.

ఇరవై నిమిషాలో, అరగంటో. చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి నాన్న మెట్లు దిగుతూ కనిపించాడు. టోపీ లేదు, మొహమంతా బూడిద. బెంచీ మీద కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చాను. చేతులు వణికి గ్లాసు నిలవలేదు. నేనే పట్టుకుని తాగించాను.

తర్వాత మేస్త్రీ నిప్పుగూడు తలుపులోంచి టార్చి వేసి చూసొచ్చాడు. నీళ్ళు తగ్గితే ముందు కరిగి హెచ్చరించాలని కప్పుకి ఒక సీసం బిరడా పెడతారు. అది మెత్తబడి సగం కిందికి జారి ఉందట.

నాన్న మెల్లిగా నాతో అన్నాడు, "ఎక్కిన రోజునే అనుకున్నానమ్మా. గాజు చూడాలంటే వంగాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వంగేవాణ్ణి కాదు."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"నీ బొమ్మలో అట్లాగే ఉంది కదా. నేనే మరిచిపోయాననుకున్నాను."

నేను ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఇన్ని రోజులు దాచానని కూడా చెప్పాను. ఆయన బూడిద చేతులతో నా జుట్టు నిమిరాడు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. నేను రాతపూర్వకంగా అంతా ఒప్పుకున్నాను, మూడు వారాలు దాచిన సంగతి కూడా. నా బొమ్మ గోడ మీంచి దింపేశారు. నాన్న సంతకం గురించి అడిగారు, జ్ఞాపకం పరీక్ష చేయించారు, ఇక ఇంజిన్ ఎక్కకూడదన్నారు. గాజు సరైన చోటికి మార్చాక వేరే ఊరి నుంచి ఎవరో వచ్చి నడిపారట. మేం చూడడానికి వెళ్ళలేదు. ఆ సాయంత్రం దూరంగా కూత వినిపిస్తే నాన్న తల ఎత్తి విన్నాడు, ఏ బండి అని అడగలేదు.

అమ్మ చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం బట్టలు మడతపెడుతూ అంది, "నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. చెప్పినందుకు ఏమైందో కూడా రోజూ చూస్తున్నాను. నాకు కొంచెం టైం ఇవ్వు." ఇచ్చాను.

నాన్న వానలు వెనకబట్టేసరికి బాగా తగ్గిపోయాడు. గడ్డం గీసుకోమని మేమే గుర్తు చేయాలి. ఏదైనా తోచకపోతే నన్నే అడుగుతాడు. మీ అమ్మమ్మ ఉందా, పోయిందా. ఈ ఇల్లు మనదేనా. నేను ఏది చెబితే అది తలాడించి నమ్మేస్తాడు, ఎదురు అడగడు. అదే నాకు ఇప్పుడు పెద్ద భయం. లెక్కల ఫైలు ఆయన దగ్గర లేదు, ఉన్నదల్లా నేనే.

మొన్న మధ్యాహ్నం నా వెనక కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే అడిగాడు.

"అమ్మాయ్, షెడ్డులో ఆ రోజు నిప్పు లాగింది నేనేనా?"

"నువ్వే నాన్నా."

"భయపడ్డానా?"

లేదు నాన్నా, కొండలా నిలబడ్డావు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంటే నమ్మేవాడే. మొహం వెలిగిపోయేది కూడా.

"పడ్డావు. దిగాక నీ చేతులు వణికాయి. నీళ్ళు నేనే తాగించాను."

నాన్న తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే నేనేలే," అన్నాడు.